పదమూడు తరువాత పదహారు

మలికిపురం,
12 జనవరి 2024.

దుర్గా,

అక్క దీవెనలు. ఆపరేషన్ అయిన మోకాలు ఒంగుతోంది. పీట మీద కూర్చునేంత కాదు, కుర్చీలోంచి ఒకరి సాయం లేకుండా లేచేంత. డాక్టరు మెచ్చుకున్నాడు.

మొన్న ఫోన్లో మనం పోట్లాడుకున్నాక మా లక్ష్మిప్రసన్న ఒక మాట అంది. "అమ్మా, నువ్వూ పిన్నీ ఉత్తరాలు రాసుకోండే. రాసేటప్పుడు మజ్జిలో ఒకళ్ళకొకళ్ళు అడ్డు తగలడానికుండదు" అంది. కన్న కూతురే అయినా నిజం చెప్పింది. నువ్వు కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపు. నేనూ అలాగే పంపుతాను. ఎలాగూ మేడం పియానో పాఠాలు చెప్పేటప్పుడు అక్కడ ఇంట్లో ఫోన్ మోగకూడదు.

నువ్వు వెళ్ళి రెండు నెలలైనా మళ్ళీ చెబుతున్నాను, విను. పియానోని పొడి గుడ్డతోనే తుడవాలి. దానిమీద గ్లాసు పెట్టకూడదు, పూలు పెట్టకూడదు, నీ చెయ్యి కూడా ఆనించకూడదు. ఆవిడ టీలో పాలు పొయ్యకు. పక్కన చిన్న గిన్నెలో జామ్ పెట్టు, చెంచాతో చప్పరిస్తుంది, నవ్వకు. గురువారం పప్పుచారు. అది నేను అలవాటు చేసిందే. పిల్లలు గబగబా వాయిస్తే ఆవిడ "మెల్లగా, మెల్లగా" అంటుంది చూడు, ఆ మాట కూడా నేను నేర్పిందే. అరబ్బు పిల్లలు, మలయాళీ పిల్లలు, ఇంగ్లీషు పిల్లలు, అందరికీ ఆ ఇంట్లో ఒక్క తెలుగు మాట వచ్చంటే అది నా చలవే.

ఇంకొకటి. మేడం వాయిస్తుంటే పక్కన కూర్చుని పేజీలు తిప్పడం నా పని. తొమ్మిదేళ్ళుగా నాది. ఆవిడ గెడ్డం ఇంత కిందకి వంచుతుంది, నేను తిప్పుతాను. నాకు ఆ గీతలు చదవడం రాదు, ఆవిడ గెడ్డం చదవడం వచ్చు. నిన్ను తిప్పమంటే రాదని చెప్పు. ఆ పిల్లల తల్లులెవరైనా తిప్పుతారు.

ఏప్రిల్ ముప్పైలోపు నేను బహ్రెయిన్‌లో దిగకపోతే నా వీసా చెల్లదు. దిగుతాను. ఆ తరువాత నీకు వేరే మంచి ఇల్లు చూద్దాం. మీ ఆయన పోయాక నిన్ను ఊరికే ఇంట్లో కూర్చోనివ్వకూడదనే కదా పంపాను. నువ్వు వెళ్ళింది ఆ ఇంటికి కాపలాకి, కాపురానికి కాదు.

అక్క,
సూర్యావతి


మహూజ్,
బహ్రెయిన్,
20 జనవరి.

అక్కా,

నమస్కారాలు. మోకాలి సంగతి చదివి నెమ్మది అనిపించింది. మెట్లు ఎక్కొద్దు.

నువ్వు చెప్పినవన్నీ పాటిస్తున్నాను, ఒక్కటి తప్ప. అది నా తప్పు కాదు. సోమవారం మధ్యాహ్నం మేడం వాయించుకుంటోంది. నేను వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. నాన్న నాటకాల్లో పద్యం ముందు హార్మోనియం మీద ఒక బిగువు తెచ్చేవాడు గుర్తుందా, అలాంటిదే వచ్చింది. నాకు తెలియకుండానే గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయాను, చేతులకి వంకాయల తడి ఇంకా ఉంది. మేడం ఆగి, "ఏం విన్నావు?" అంది. నాకు వచ్చిన నాలుగు హిందీ మాటల్లో, ఇక్కడ కిందకి దిగిపోతుందనుకుంటే పైకి వెళ్ళిందండి, అన్నాను. ఆవిడ పక్కన ఉన్న కుర్చీ చూపించింది. తిప్పాను అక్కా. రాదని చెప్పాను, వినలేదు.

ఆవిడ తన కథ కొంచెం చెప్పింది. వోల్గా అనే పెద్ద నది ఒడ్డున సరాతోవ్ అనే ఊరు వాళ్ళది. చలికాలంలో నది గడ్డకడితే దాని మీద నడిచి పాఠానికి వెళ్ళేదట. మన గోదావరి మీద నడుస్తానంటే ఎవరైనా నమ్ముతారా? పద్నాలుగేళ్ళకే మాస్కో పంపేశారట. తరువాత రైళ్ళలో తిరుగుతూ ఊరూరా కచేరీలు. ఒక ఊళ్ళో పియానోకి మూడు మెట్లు మోగకపోతే, ఆ మూడూ లేకుండానే గంటన్నర వాయించి బయటపడిందట. చెబుతూ చిన్నపిల్లలా నవ్వింది.

డ్రైవర్ భూమేష్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. కారు అద్దాలు తుడుస్తూ, "సూర్యక్క ఉన్నప్పుడు కార్ల సామాన్ ఎక్కియ్యాల్నంటె భయమయ్యేది. ఇప్పుడు జెర నిమ్మలమున్నది" అన్నాడు. తమాషాకే అన్నాడులే.

నీ చెల్లెలు,
నాగదుర్గ


మలికిపురం,
27 జనవరి.

దుర్గా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళజోడు పెట్టుకుని.

గడ్డకట్టిన నది కథ నాకు వచ్చిన మొదటి ఏడాదే చెప్పింది. మూడు మెట్ల కథ కూడా. అందరికీ చెబుతుంది, ఆవిడ సంగీతం స్కూల్లో కొత్తగా చేరిన ఫిలిప్పీన్స్ పంతులమ్మకి కూడా చెప్పింది. కొత్తవాళ్ళకి చెప్పే కథలు వేరు, సొంతవాళ్ళకి చెప్పేవి వేరు. వాళ్ళాయన చమురు కంపెనీ ఇంజనీరుగా బహ్రెయిన్‌లోని అవాలికి వచ్చినప్పుడు ఆవిడ ఎందుకు వెంట వచ్చిందో, అంత పేరున్న మనిషి కచేరీలు వదిలేసి పిల్లలకి పాఠాలు ఎందుకు చెప్పుకుంటోందో నాకు తెలుసు. ఆవిడ గురించి నాకు తెలిసింది ఆ దేశంలో ఇంకెవరికీ తెలియదు. నువ్వు అడగకు, నేను చెప్పను.

నాన్న బిగువు గుర్తుందా అని అడిగావు. గుర్తులేకేం. నాన్న హార్మోనియం పెట్టె తీస్తే నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాడు. నన్ను మటుకు తిత్తి చిరుగులకి అంటించడానికి మైదా జిగురు ఉడకబెట్టమనేవాడు. భీమేశ్వరరావు గారి రెండో పిల్ల చెవి బంగారం అని ఊరంతా అనేది. పెద్ద పిల్ల జిగురు బాగా పలచగా కాస్తుందని ఎవరూ అనలేదు. నేనేం ఏడవలేదు. నలభై ఏడేళ్ళ వయసులో ఇప్పుడు ఏడుపు వస్తోంది, అది మోకాలి మందుల వల్ల కావచ్చు.

సరే, ఒక్కసారి తిప్పావు. చాలు. ఇంక కూర్చోకు. నా కుర్చీ ఎత్తు నీకు సరిపోదు కూడా.

భూమేష్‌కి చెప్పు, నిమ్మళం ఏప్రిల్ దాకానే అని.

సూర్యావతి


మహూజ్,
11 ఫిబ్రవరి.

అక్కా,

కోపం తగ్గాక చదువుతావని ఆలస్యంగా రాస్తున్నాను.

మార్చి ఎనిమిదిన, శుక్రవారం, అద్లియాలో మేడం స్కూలు హాల్లో పిల్లల కచేరీ. ఆ రోజు మనకి శివరాత్రి. వాళ్ళ దేశంలో ఆడవాళ్ళకి పూలిచ్చే పండగట. పిల్లలు అయ్యాక చివర్లో మేడం వాయిస్తుంది. తన దేశపు పాత సంగీతకారుడు రాసిన పెద్ద రచన, నీలం అట్ట పుస్తకం. నీకు తెలిసే ఉంటుంది. ఏటా చివర అదే వాయిస్తుందట కదా. కళ్ళముందు పుస్తకం లేకపోతే ఈమధ్య వేళ్ళు దారి తప్పుతున్నాయని, పేజీలు నన్నే తిప్పమంది.

నేను ముందు కాదన్నాను. నిజంగా అన్నాను. "మా అక్క వచ్చేస్తుంది" అన్నాను. మేడం, "మోకాలు ఎలా ఉంది?" అంది. "డాక్టరు ఆరు నెలలు అన్నాడు" అన్నాను. అంతే.

ఇంకో సంగతి నీకు నచ్చదు, కానీ దాచితే ఎప్పటికైనా భూమేష్ చెప్పేస్తాడు. మేడం నాకు ఆ గీతలు చదవడం నేర్పుతోంది. ఐదు గీతలు, వాటి మీద గింజలు. నాన్న నేర్పిన సరిగమలు ఉన్నాయి కాబట్టి పట్టుబడుతోంది. ఆవిడ గెడ్డం చూడకుండానే ఎక్కడ తిప్పాలో ఇప్పుడు నాకు తెలుస్తోంది. నిన్న సరిగ్గా తిప్పితే మేడం వాయిస్తూ వాయిస్తూనే "మెల్లగా" అని నా వైపు కన్ను గీటింది.

నీ పెట్టెలో మామిడిపండు రంగు పట్టుచీర ఉంది. ఆ రోజుకి కట్టుకోనా? నా దగ్గర ఉన్నవన్నీ పనిచీరలే.

దుర్గ


మలికిపురం,
17 ఫిబ్రవరి.

నాగదుర్గకి,

ఏకు మేకై కూర్చోవడమంటే ఏమిటో చిన్నప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమయింది.

ఆరు నెలలా? డాక్టరు ఆరు నెలల్లో పూర్తిగా పరిగెత్తవచ్చు అన్నాడు. నడవడానికి మూడే అన్నాడు. ఆ తేడా నీకు తెలుసు. ఆరు నెలలంటే మే దాటిపోతుందనీ, నా వీసా పోతుందనీ కూడా నీకు తెలుసు. మేడంకి లెక్క వేసుకోవడం రాదనుకున్నావా? ఇంక సూర్య రాదు అని ఆవిడ అనుకునేలా మాట వదిలావు. పైగా "అంతే" అని రాశావు. ఆ "అంతే" చదివి నాకు అన్నం సయించలేదు.

నేను చదవలేని గీతలు నువ్వు చదువుతున్నావని నాకు అసూయగా ఉంది. రాసేశాను, చూడు. తొమ్మిదేళ్ళు ఆ గెడ్డం వైపు రెప్ప వెయ్యకుండా చూశాను. దాని కింద మడతలు ఎన్నో కూడా చెప్పగలను. మూడు వారాల్లో నువ్వు ఆ గెడ్డంతో పనే లేదన్నావు. కన్ను గీటిందా? నాకు ఏనాడూ గీటలేదు. నాతో ఆవిడ పని చేసింది. నీతో ఆడుకుంటోంది.

చీర కట్టుకో. అది నాకెలాగూ ఇప్పుడు బిగుతు.

సూర్యావతి


మహూజ్,
24 ఫిబ్రవరి.

అక్కా,

నా కొంగు మీద ఒట్టు, ఆరు నెలలంటే ఆపరేషన్ నుంచి అనే ఉద్దేశంతోనే అన్నాను. నీ ఉత్తరం చూశాక భూమేష్‌ని పక్కన పెట్టుకుని మేడంకి మళ్ళీ చెప్పించాను. "సూర్యక్క ఏప్రిల్ల అస్తది మేడం, పక్కా" అన్నాడు. మేడం తల ఊపింది. సంతోషంగా ఊపిందో లేదో నేను చూడలేదు. నువ్వు ఎలాగూ అడుగుతావని రాస్తున్నాను.

నువ్వు వస్తే నేను వెళ్ళిపోవాలి. ఒక్క గది, ఒక్క మనిషికే పని. అది నాకు తెలుసు. రిఫాలో అయిదుగురు పిల్లలున్న ఇల్లు ఒకటి ఉందని భూమేష్ చూసి పెట్టాడు. వెళ్తాను. కానీ ఈ నెల రోజులు నాకు బాగుంది అక్కా. నాన్న పోయాక నన్ను ఎవరూ ఏమీ నేర్చుకోమనలేదు.

దుర్గ


మహూజ్,
6 మార్చి, బుధవారం, మధ్యాహ్నం.

అక్కా,

ఒక చిన్న విషయం. దీనికి వెంటనే జవాబు పంపు.

నీలం అట్ట పుస్తకం దుమ్ము దులుపుతుంటే గమనించాను. పదమూడో పేజీ తరువాత పదహారు వస్తోంది. మధ్యలో రెండు కాగితాలు అంచుల వెంబడి అతుక్కుపోయి ఒకే కాగితంలా ఉన్నాయి. ఇన్నాళ్ళూ నేను ఆ మందాన్ని ఒకటే అనుకుని తిప్పుతున్నాను. లోపల పద్నాలుగు, పదిహేను ఉండిపోయాయి. ఇక్కడి చెమ్మకి అంటుకుని ఉంటాయి. మేడంకి చూపు తగ్గింది కదా, రెండు పేజీలు ఎగిరిపోతున్నాయని గమనించడం లేదేమో అని నా భయం. అంత పెద్దావిడ జనం ముందు పాట మధ్యలో మింగేస్తే ఎవరైనా ఏమనుకుంటారు?

ఆవిడనే అడుగుదామంటే, కచేరీకి ముందు రెండు రోజులు ఆ పుస్తకం తెరవదనీ, దాని ఊసెత్తితే మండిపడుతుందనీ నువ్వే చెప్పావు. కెటిల్ ఆవిరి చూపిస్తే మెల్లగా ఊడేలా ఉన్నాయి. విడదీయనా? నువ్వు తొమ్మిదేళ్ళు తిప్పిన పుస్తకం, నీకే తెలియాలి.

దుర్గ


మలికిపురం,
6 మార్చి, సాయంత్రం.

దుర్గా,

విడదీయి. పుస్తకం శుభ్రంగా ఉంచడం మన పనే. ఆవిడకి చెప్పకు, చిరాకు పడుతుంది.

ఈ ఫోటో నేనే తీశాను. వంకరగా ఉంటే సర్దుకో.

సూర్యావతి


మహూజ్,
9 మార్చి.

అక్కా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పిల్లలందరూ బాగా వాయించారు. తల్లులు పూలు తెచ్చారు. నేను నీ చీర కట్టుకుని నీ కుర్చీలో కూర్చున్నాను. మేడం నల్ల గౌను వేసుకుంది. వాయించడం మొదలుపెట్టింది. పదమూడో పేజీ ఆఖరి వరస దాకా అంతా సవ్యంగా జరిగింది. గింజలు చూసుకుంటూ నేను వేళకి తిప్పాను. పద్నాలుగు వచ్చింది.

మేడం చేతులు ఆగిపోయాయి. గాలిలో, మెట్లకి జానెడు పైన. నేను పుస్తకం వైపు చూశాను, తప్పేమీ కనబడలేదు. ఆవిడ నా వైపు చూసింది. అక్కా, అది కోపం కాదు. రోడ్డు మీద పరాయివాడు హఠాత్తుగా కొంగు లాగితే మనం ఎలా చూస్తామో అలా చూసింది. ముందు వరసలో ఎవరో దగ్గారు.

తరువాత వాయించింది. ఆ రెండు పేజీలూ వాయించింది. కుడిచేతి ఉంగరం వేలు లోపలికి ముడుచుకుపోయి ఉంది, మిగతా నాలుగింటితో కుంటుకుంటూ వాయించింది. చాలా గింజలు జారిపోయాయి. నాకు చదవడం వచ్చు కాబట్టి ఏవేవి జారాయో నాకు తెలుసు, రాకపోయినా బాగుండేది. పదహారుకి వచ్చాక మళ్ళీ మామూలు మేడం అయింది. ముగిశాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆవిడ వంగి దణ్ణం పెట్టలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికి రాగానే గదిలోకి వెళ్ళింది. ఇవాళ కూడా గది తలుపు వేసుకునే ఉంది. పప్పుచారు గుమ్మం దగ్గర పెట్టాను, అలాగే ఉంది. భూమేష్, "మేడం సప్పుడు జేస్తలేదంటె గుస్స కాదక్క, లోపట ఏందో కాల్తున్నది" అన్నాడు.

నేనేం చేశాను అక్కా? నీకు తెలుసా ఆ పేజీల సంగతి?

దుర్గ


మలికిపురం,
11 మార్చి.

దుర్గా,

నాకేం తెలుస్తుంది? ఇంత దూరాన ఉన్నాను. చెమ్మకి అంటుకున్నాయని నువ్వే రాశావు.

మేడం ఎలా ఉంది? నా పేరు ఎత్తిందా? నువ్వు నాకు రాశావని చెప్పావా? చెప్పినా నా పేరు ఎందుకు ఎత్తుతుందిలే. ఒకవేళ ఎత్తితే ఏమన్నదో ఉన్నదున్నట్టు రాయి.

సూర్యావతి


మహూజ్,
16 మార్చి.

అక్కా,

మేడం ఎలా ఉందని ఒక్కసారి అడిగావు. నీ పేరు ఎత్తిందా అని తిప్పి తిప్పి అడిగావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు ఎవరు తడుముకుంటారో నాకు తెలుసు.

ఎత్తింది. మూడో రోజు తలుపు తీసి, వంటింట్లో స్టూలు మీద కూర్చుంది. "విడదీసింది నువ్వా?" అంది. అవునన్నాను, చెమ్మ అనుకున్నాను అన్నాను. "సూర్యని అడిగావా?" అంది.

అప్పుడు నేను అబద్ధం ఆడాను. "అడిగాను. అక్క ఏమీ చెప్పలేదు" అన్నాను.

మేడం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొత్తం చెప్పింది. నలభై ఒకటో ఏట ఆ వేలు చచ్చుబడిందట. మాస్కో హాస్టల్లో చిన్నప్పటి నుంచి ఒకే గదిలో పెరిగిన గలీనా అనే స్నేహితురాలికి ఒక్కదానికే చెప్పుకుందట. ఆ గలీనా వెళ్ళి కచేరీల ఆఫీసులో చెప్పేసింది. మేడంకి రావలసిన పెద్ద పర్యటన గలీనాకి ఇచ్చారు. ఆ తరువాత మేడంని ఎవరూ పిలవలేదు. నాకు పాఠాలు చెప్పడమే ఇష్టం అని అందరితో చెప్పుకుని, మొగుడి వెంట ఇక్కడికి వచ్చేసింది. ఏటా ఆ రచన వాయిస్తుంది, ఆ వేలు తప్పనిసరైన రెండు పేజీలు మటుకు వదిలేస్తుంది. ముప్పై ఏళ్ళుగా వదిలేస్తోంది. ఆ సంగతి తెలిసింది నీకొక్కదానికేనట. పియానో మీద చెయ్యి వేయించి నీ చేత ఒట్టు పెట్టించుకుందట, ఎవరికీ చెప్పనని.

"చూడు, సూర్య సొంత చెల్లెలికి కూడా చెప్పలేదు" అంది. "నా బతుకులో నా రహస్యం అమ్ముకోని మనిషి ఆమె ఒక్కతే. గలీనా ఎక్కడ, సూర్య ఎక్కడ" అంది. అప్పటికప్పుడు నీకు టిక్కెట్టు తీయించింది. ఏప్రిల్ ఇరవై రెండు, సోమవారం. హైదరాబాదు నుంచి.

ఆ అంచులకి ఉన్నది చెమ్మ కాదు అక్కా. ఆవిరి తగిలినప్పుడే వాసన వచ్చింది, అప్పుడు పోల్చుకోలేదు. అంత పలచగా, గరిట జాడ లేకుండా మైదా కాచగలిగేది మన ఇంట్లో ఒక్కరే. అతికించింది నువ్వు. విడదీయమన్నదీ నువ్వు.

నువ్వు ఎందుకు చేశావో నాకు తెలుసు. నేను ఎందుకు అబద్ధం ఆడానో నాకే తెలియదు. నీ చోటు నీకు వచ్చేసింది, సుఖంగా రా. నేను పదిహేనో తారీకు నాటికి రిఫా వెళ్ళిపోతాను. ఎదురుపడకుండా.

నాగదుర్గ


మలికిపురం,
25 మార్చి.

దుర్గా,

టిక్కెట్టు కాగితం తొమ్మిది రోజులుగా నా దిండు కింద ఉంది. బట్టలు సర్దడానికి పెట్టె దించాను. ఒక్క చీర కూడా పెట్టలేకపోయాను.

మేడం నన్ను గురించి ఒక మంచి మాట అనాలని తొమ్మిదేళ్ళు ఎదురుచూశాను. అంది. నేను చెయ్యని పనికి అంది. నేను చేసిన పని ఇంకొకతె పేరు మీద చెప్పి తిట్టింది. గలీనా ఎక్కడో లేదు దుర్గా. మలికిపురంలో మోకాలికి కట్టు కట్టుకుని కూర్చుంది.

ఒట్టు నిలబెట్టుకోవడానికి ఆ రోజు నీకు అలా రాశాననుకోకు. మొదట్లో రెండు కాగితాలు కలిపి తిప్పేదాన్ని. ఒకసారి సాధనలో వేలు జారి ఒకటే తిరిగితే ఆవిడ బిక్కచచ్చిపోయింది. మర్నాడు నేను మైదా కాచి అంచులు అతికించాను. నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. నా బతుకులో నా జిగురుకి దొరికిన మెప్పు అదొక్కటే. ఆ బుధవారం నీ ఉత్తరం చూడగానే ఒట్టు తలపుకి వచ్చిందా అంటే, వచ్చింది. ఒక్క మాట రాస్తే చాలు, "ముట్టుకోకు" అని. రహస్యమూ బయటపడదు, కచేరీ సాగిపోతుంది. ఆ మాట రాసి కొట్టేశాను. కొట్టేసిన కాగితం పొయ్యిలో పెట్టి ఇంకో కాగితం తీసుకున్నాను.

మేడం తలవంచుకోవాలని కాదు. నువ్వు తలవంచుకోవాలని. నా చీరలో, నా కుర్చీలో, అందరి ముందు. నిన్ను అక్కడి నుంచి లేపెయ్యాలని. ఆ పూట మేడం నాకు గుర్తే రాలేదు. అన్నిటికన్నా అదే నన్ను కోసేస్తోంది.

ఈ కాగితం మేడంకి చదివి వినిపించు. నీకు మాటలు చాలకపోతే భూమేష్‌ని పిలు. సిగ్గుపడి ఏదీ తగ్గించకు. టిక్కెట్టు రద్దు చేస్తే చేసుకోమను. నువ్వు రిఫా వెళ్ళకు. నీ మీద నాకు అసూయ పోలేదు. పోయిందని రాస్తే అదొక అబద్ధం అవుతుంది.

సూర్యావతి


మహూజ్,
31 మార్చి.

అక్కా,

వినిపించాను. బుధవారం పొద్దున, పాఠాలు లేని వేళ. భూమేష్ గుమ్మంలో నిలబడి నాకు రానివి హిందీలో అందించాడు. "అసూయ" దగ్గర ఆగిపోతే, "జలన్ అను అక్క, జలన్" అన్నాడు. మేడంకి ఆ మాట తెలుసు.

మొత్తం విని, మళ్ళీ చదవమంది. రెండోసారి "గలీనా ఎక్కడో లేదు" అన్న దగ్గర చెయ్యి ఎత్తి ఆపింది. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. నేను అనుకున్నాను, ఖలాస్, ఇద్దరికీ ఖలాస్ అని.

"గలీనా పోయి ఆరేళ్ళయింది" అంది మేడం. "ఆమె దగ్గర నుంచి ఇలాంటి ఒక్క కాగితం వస్తుందేమోనని పాతికేళ్ళు ఎదురుచూశాను. రాలేదు. ఇది వచ్చింది." ఇటు తిరిగి, "టిక్కెట్టు అలాగే ఉంచు. రమ్మను" అంది.

ఇంకా ఉంది. నేను రిఫా వెళ్ళను, అద్లియా స్కూల్లో ఉంటాను. అక్కడ మనిషి కావాలట, కాగితాలు మేడమే చూస్తానంది. ఇల్లు నీది. పేజీలు మటుకు నేనే తిప్పాలట. ఇది చదివి నీకు ఒళ్ళు మండుతుంది. మండనీ. నాకూ నీ మీద కోపం తగ్గలేదు, సరికి సరి.

మేడం ఆ పేజీలు మళ్ళీ అతికించవద్దంది. ఇప్పుడు రోజూ పొద్దున పదింటికి ఆ రెండే వాయిస్తోంది, ఉంగరం వేలు లేకుండా, పాఠం మొదలుపెట్టిన పిల్లలా. నిన్న మొదటిసారి ఒక వరస జారకుండా వచ్చింది.

దుర్గ


మలికిపురం,
4 ఏప్రిల్.

దుర్గా,

మండింది. దాచను. లక్ష్మిప్రసన్న మీద రెండు కేకలు వేసి, గిన్నెలు చప్పుడయ్యేలా తోమి, ఇప్పుడు కూర్చున్నాను.

కుర్చీ గురించి కాదు. కుర్చీ సంగతి చదివి ఒక్క పూటే బాధపడ్డాను. నీ ఉత్తరంలో చివరి మాటలు నన్ను నిద్రపోనివ్వలేదు. తొమ్మిదేళ్ళు ఆ పాట పక్కన కూర్చున్నాను. పదమూడు తరువాత పదహారు వస్తుందని నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. మధ్యలో ఏముందో నేను ఏనాడూ వినలేదు. వినకుండా ఉండటానికి చుట్టూ జిగురు రాసింది నేనే. నువ్వు హాల్లో విన్నావు, ఇప్పుడు రోజూ వింటున్నావు. పుట్టి బుద్ధెరిగాక నీ దగ్గర ఉన్న దేని మీదా నాకు ఇంత అసూయ కలగలేదు.

ఫోన్లో రికార్డు చేసి పంపకు. అలా వద్దు.

ఇరవై రెండున విమానం ఎనిమిదిన్నరకి దిగుతుంది. పెట్టె వచ్చేసరికి తొమ్మిది. ఆవిడ పదింటికి మొదలుపెడుతుందన్నావు. భూమేష్‌ని అద్లియా వైపు తిప్పకుండా తిన్నగా మహూజ్ తీసుకురమ్మను. మోకాలు కదా, మెట్లకి కొంచెం టైము పడుతుంది. నేను వచ్చేదాకా ఆగమని ఆవిడని అడగడానికి నాకు మొహం లేదు, నువ్వు అడుగు. నీ పక్కన కుర్చీ వెయ్యనక్కరలేదు, గుమ్మంలో నిలబడతాను.

మీ అక్క